మీ ఊళ్లో ఎప్పుడో జరిగిన, ఇంకా తేలని హత్య కేసు కాగితాలు ఎలా వెతకాలంటే

వైజాగ్ చుట్టుపక్కల ఊర్లలో ఇలాంటి కథ ఒకటైనా ఉంటది, పలానా ఆయన్ని పొలం గట్టు మీద చంపేసారు, ఎవరు చంపారో తేలలేదు అని. చనిపోయిన మనిషి గురించి ఇంట్లోవాళ్లకి నిజం తెలియాలి కదా, అందుకే రాస్తున్నా.

ముందు తేదీ పట్టుకోండి. పెద్దవాళ్లని ఎవరు చంపారు అని అడగొద్దు, అడిగితే అందరూ ఒకే పేరు చెప్తారు, ఆ పేరు కాగితంలో కనపడేదాకా ఎక్కడా రాయకండి, వాళ్ల మనవలు ఇంకా ఆ ఊళ్లోనే ఉంటారు. అప్పుడు పొలంలో ఏ పంట ఉంది, 1980 ఫిబ్రవరి సూర్యగ్రహణానికి ముందా తర్వాతా అని అడగండి. సింహాచలం చందనోత్సవం అయిన నాలుగో రోజు అన్నారనుకోండి, చందనోత్సవం వైశాఖ శుద్ధ తదియ నాడు, అక్కడి నుంచి లెక్కేస్తే, ఏ ఏడాదో తెలిస్తే పాత పంచాంగంలో తేదీ దొరికేస్తది.

తర్వాత అప్పట్లో ఊరు ఏ ఠాణా కింద ఉండేదో కనుక్కోండి. 1985కి ముందు మండలాలు లేవు, తాలూకా పేరుతో చూడాలి. చోడవరం, మాడుగుల వైపు 2022 నుంచి అనకాపల్లి జిల్లా అయిపోయింది కాబట్టి అక్కడి ఎస్పీ ఆఫీసుకి, భీమిలి, పద్మనాభం అయితే వైజాగ్ పోలీస్ కమిషనరేట్‌కి ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఎఫ్‌ఐఆర్, శవ పంచనామా (శవాన్ని చూసి పోలీసులు రాసే రిపోర్టు), కేసు మూసేసిన రిపోర్టు, మూడూ విడివిడిగా పేరు పెట్టి అడగండి. ఇవ్వం అంటే 20 ఏళ్లు దాటిన ఘటన అని అదే చట్టం సెక్షన్ 8(3) రాసి అప్పీల్ చెయ్యండి. ఫైల్ తగలబెట్టేశాం అంటే తగలబెట్టమని ఇచ్చిన ఆర్డర్ కాపీ ఇమ్మనండి.

అన్నిట్లోకి శవ పంచనామా ముఖ్యం. దెబ్బలు ఎక్కడున్నాయి, ఒంటి మీద ఏ బట్టలు, పక్కన ఏం పడున్నాయి అన్నీ ఉంటాయి, చివరిసారి ప్రాణాలతో ఎవరు చూశారు అని కూడా రాస్తారు, ఊళ్లో చెప్పుకునే కథ చాలాసార్లు అక్కడే తేడా కొడతది. పంచాయతీదార్ల (పంచనామాకి సాక్షులుగా ఉన్నవాళ్ల) సంతకాలు చూడండి, వాళ్లలో ఎవరైనా బతికుంటే వెంటనే వెళ్లి కలవండి, ఈ పని మాత్రం వాయిదా వెయ్యొద్దు.

పేపర్లు కూడా చూడాలి. ఈనాడు 1974 ఆగస్టులో వైజాగ్‌లోనే మొదలైంది, అంతకుముందువి అయితే ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో, ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) లైబ్రరీలో ఏమేం ఉన్నాయో అడగండి, ఘటన తర్వాత వారం రోజుల జిల్లా వార్తలు వరసగా తిరగేయండి.

కొత్త విషయం ఏదైనా తేలితే, హత్యకి కాలపరిమితి లేదు కాబట్టి రాతపూర్వకంగా ఠాణాలో ఇచ్చి రసీదు తీసుకోండి.