అమ్మ కంటికి ఆపరేషన్ అయ్యాక ఇంట్లో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

దసరా వెళ్లి చలి మొదలవగానే ఒడిశా, ఆంధ్ర సరిహద్దులోని మా పర్లాకిమిడిలో వీధికొకరైనా కంటి ఆపరేషన్ మాట ఎత్తుతారు. చలికాలంలో పుండు త్వరగా మానుతుందని పెద్దవాళ్ల నమ్మకం. ఇప్పటి శుక్లాల ఆపరేషన్‌కి కాలంతో పని లేదు. అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని ముక్కలు చేసి తీసే ఫేకో పద్ధతిలో కోత రెండు మూడు మిల్లీమీటర్లే, చాలామందికి కుట్టు కూడా పడదు. మా వైపు చూసుకోవాల్సింది తుపాన్ల కాలం ఒక్కటే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడ్డాయి, చెట్లు కూలి దారులు మూసుకుపోయాయి. అలాంటి రోజున ఆపరేషన్ అయిన కన్ను ఎర్రబడితే ఎటు పోతాం? అందుకని అక్టోబరు, నవంబరుల్లో తేదీ ఇస్తే తుపాను కబురు చూసుకుని ఒప్పుకోండి. మామూలు శుక్లానికి పది రోజులు ఆగితే కొంపేమీ మునగదు.

మేము అమ్మని శ్రీకాకుళం తీసుకెళ్లాం. మీరు బరంపురం వెళ్లినా, వైజాగ్ వెళ్లినా డిశ్చార్జ్ అయ్యే ముందు ఒక్క మాట అడగండి: "రాత్రి పూట నొప్పొస్తే ఎవరికి ఫోన్ చేయాలి?" రిసెప్షన్ నంబరు ఇస్తే సరిపోదు, రాత్రి ఎత్తే నంబరు కావాలి. బీపీ, షుగర్, రక్తం పలచబడే మాత్రల సంగతి ఆపరేషన్‌కి ముందే చెప్పాలి. నాన్నలకైతే ప్రోస్టేట్‌కి వాడే టామ్సులోసిన్ మాత్ర సంగతి తప్పకుండా చెప్పాలి. దానివల్ల ఆపరేషన్ మధ్యలో కనుపాప సరిగా విచ్చుకోక ఇబ్బంది పెడుతుంది. ముందే తెలిస్తే డాక్టర్ సిద్ధంగా ఉంటారు.

ఇంటికొచ్చాక అసలు టెన్షన్ మొదలవుతుంది. కంట్లో ఇసుక పడ్డట్టు ఉండటం, నీరు కారటం, కొంచెం ఎరుపు, వెలుతురు చూడలేకపోవటం మొదటి రోజుల్లో మామూలే. భయపడాల్సింది కంటి లోపలి ఇన్ఫెక్షన్‌కి. వెయ్యి ఆపరేషన్లలో ఒకరికి వస్తే వస్తుంది, ఎక్కువగా మొదటి వారంలోనే. నొప్పి పెరుగుతూ పోతుంది, రెప్ప వాస్తుంది, పుసి కడుతుంది, నిన్న ఉన్న చూపు ఇవాళ ఉండదు. దీనికి కంటి లోపలికే మందు ఇంజెక్షన్ ఇవ్వాలి, గంటలు లెక్కే. కొందరికి నొప్పి పెద్దగా ఉండదు కూడా. అందుకే నొప్పి కోసం చూస్తూ కూర్చోకుండా చూపుని గమనించాలి. తెల్లారాక మొదటి బస్సుకి వెళ్దాంలే అనుకోవద్దు, ముందు ఆ నంబరుకి ఫోన్ చేయండి.

చూపు సంగతి ఎలా తెలుస్తుందంటారా? మా హాల్లో ఒడియా క్యాలెండర్ ఉంది. అమ్మకి ఒడియా అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు. రోజూ పొద్దున్న అదే మంచం, అదే చోటు. బాగున్న కంటికి అరచెయ్యి అడ్డం పెట్టి, నొక్కకుండా, పై వరస నుంచి చదివించేవాళ్లం. మొదటి రోజు పెద్ద అంకెలే, మూడో రోజుకి కింద ఉన్న తిథుల చిన్న అంకెలు కూడా. నిన్న చదివినవి ఇవాళ చదవలేకపోతే ఇక ఆలోచించకుండా బయల్దేరడమే అని ఇంట్లో అందరం అనుకున్నాం.

చుక్కల మందు వేసే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కింది రెప్ప కొద్దిగా లాగి ఆ సందులో ఒక్క చుక్క వేయాలి, సీసా మూతి రెప్పవెంట్రుకలకి తగలకూడదు. ఒక మందుకీ ఇంకో మందుకీ అయిదు నిమిషాలు ఎడం ఉంచాలి. తెల్లగా పాలలా ఉండే, వాపు తగ్గించే స్టెరాయిడ్ చుక్కల సీసాని ప్రతిసారీ బాగా కుదపాలి, లేకపోతే మందు అడుగునే ఉండిపోతుంది.

మేము దెబ్బతిన్నది ఇక్కడే. స్టెరాయిడ్ చుక్కలు వారం వారం తగ్గించుకుంటూ అయిదారు వారాలు వేయాలి. చీటీ ఇంగ్లీషులో ఉంది. రెండో వారంలో తమ్ముడు "కన్ను తెల్లబడింది కదక్కా" అని ఆపేశాడు. నాలుగు రోజులకి మళ్లీ ఎరుపు, సలుపు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు, ఇన్ఫెక్షనే అనుకున్నాను. ఫోన్ చేస్తే వెంటనే రమ్మన్నారు. ఆటోలో పాతపట్నం, అక్కడ్నుంచి బస్సు. మందు ఒక్కసారిగా ఆపడంతో వాపు తిరగబెట్టిందని చెప్పి డాక్టర్ మళ్లీ మొదలుపెట్టించారు. అప్పుడు చీటీ వెనకాల తెలుగులో వారాలు, పూటలు రాసి, చుక్క వేసినప్పుడల్లా టిక్కు పెట్టడం మొదలుపెట్టాం.

పలకరించడానికి వచ్చేవాళ్లు ఇంకో తలనొప్పి. పక్కింటి పెద్దమ్మ కిళ్లీ చుట్టిన చేత్తోనే "ఏదీ చూడనీ" అంటూ రెప్ప పైకెత్తబోయింది. నేను అడ్డుపడితే కోపం వచ్చింది. రానివ్వండి. ఆముదం, తేనె, చనుబాలు, కాటుక ఏవీ కంట్లోకి పోకూడదు. మనవలు మీదెక్కి ఆడకుండా చూడాలి. పడుకునేటప్పుడు ప్లాస్టిక్ డొప్ప కట్టాలి, ఆపరేషన్ కంటివైపు ఒత్తిగిలి పడుకోనివ్వద్దు.

పత్యం దగ్గర నేను గొడవపడలేదు. వంకాయ, గోంగూర తింటే చీము పడుతుందని అమ్మ మానేసింది. దానికి ఆధారమేమీ లేదు గానీ మానేస్తే నష్టమూ లేదు. షుగర్ ఉన్నవాళ్లు పత్యం పేరుతో పూట ఎగ్గొడితే మాత్రం ఊరుకోకూడదు. మలబద్ధకం, దగ్గు ఉంటే మందు అడగండి, ముక్కడం కంటికి మంచిది కాదు. కట్టెల పొయ్యి, బిందెలు మోయడం, వంగి ఊడవడం డాక్టర్ సరే అనేదాకా వద్దు. తలస్నానమూ అంతే. కార్తీకంలో మా ఊరి మహేంద్రతనయ నదిలో మునుగుతానని అమ్మ పట్టుబట్టింది. చివరికి గట్టు మీదే కూర్చుని దీపం వదిలింది.

అయిదారు వారాలకి కళ్లద్దాలు రాస్తారు. నెలలో ఏళ్లో గడిచాక మళ్లీ మసకేస్తే శుక్లం తిరిగొచ్చిందని బెంగపడొద్దు. ఆపరేషన్‌లో పెట్టిన లెన్సు వెనక పొర మందమై ఉంటుంది, లేజర్‌తో నిమిషాల్లో సరిచేస్తారు. మెరుపులు, ఒక్కసారిగా నల్ల చుక్కలు, పక్కనుంచి తెర దిగినట్టు కనిపిస్తే అది కంటి వెనక ఉండే రెటీనా పొర సంగతి, ఆ రోజే వెళ్లాలి.

రెండో కంటికి ఇంకా తేదీ అడగలేదు. ఈ కంటికి చుక్కలన్నీ అయ్యాకే అడుగుదామని అమ్మే తేల్చేసింది.