రింజనీ బిలం సరస్సుకు బయల్దేరే ముందు

ఇండోనేషియాలోని లాంబాక్ దీవిలో రింజనీ అగ్నిపర్వతం బిలంలో ఉంది సెగారా అనాక్ సరస్సు, సుమారు 2,000 మీటర్ల ఎత్తున.

- వానల వల్ల జనవరి నుంచి మార్చి దాకా సాధారణంగా దారులు మూసేస్తారు. విమానం టికెట్ల కన్నా ముందు రింజనీ జాతీయ పార్కు ప్రకటన చూడండి. పర్మిట్ తప్పనిసరి.

- అసలు పరీక్ష బిలం అంచు నుంచి దిగడమే. దాదాపు 600 మీటర్ల దిగుడు, కాలి కింద జారే రాళ్లు. కొత్త బూట్లయితే ముందే కొన్నాళ్లు తొడుక్కుని నడవండి. కాలిగోళ్లు కత్తిరించుకోండి, లేదంటే బొటనవేలు బూటు ముందుభాగానికి కొట్టుకుని గోరు నల్లబడుతుంది. తిరిగి ఎక్కాల్సిందీ ఆ దిగిన ఎత్తంతా!

- ఉష్ణమండలమే కదా అని స్వెట్టర్ మానేయకండి. రాత్రిళ్లు వణికిస్తుంది.

- సరస్సును ఆనుకునే ఉన్న చిన్న అగ్నిపర్వతం బరుజారి 2016లోనూ పేలింది. హెచ్చరిక స్థాయి పెంచితే, కట్టిన డబ్బు పోయినా సరే, ఆగిపోండి.

- హెడ్‌ల్యాంప్, ఇన్సూరెన్స్.