డ్యూటీలు చేసుకుంటూ జర్మన్ – ఆరో పాఠం: తప్పిన రోజుల బాకీ

ఆసుపత్రి డ్యూటీలు చేసుకుంటూ జర్మన్ నేర్చుకునే మన పాఠాల్లో ఇది ఆరోది. ఇందులో వార్డులో వాడే క్రియలు మొదలుపెట్టాలని అనుకున్నాను. వాటిని ఏడో పాఠానికి జరిపాను. అయిదో పాఠం తర్వాత నాకు వచ్చిన సందేశాలు చదివాక, ముందు ఈ ముడి విప్పకపోతే ఇక ఏ పాఠం చెప్పినా మీకు అందదని అర్థమైంది.

పోయినసారి నేను అడిగింది గుర్తుందిగా. రోజుకు పది కొత్త మాటలు, పదీ కార్డుల మీద రాసి అరలున్న పెట్టెలో మొదటి అరలో వేయడం, పాతవాటిని నెమరు వేసుకోవడం. ఆదోని నుంచి రాసిన అక్కది, ఆత్మకూరు చెల్లెలిది, నంద్యాల నుంచి రోజూ కర్నూలుకు బస్సులో వచ్చిపోయే ఆమెది, ముగ్గురిదీ ఒకే కథ. నాలుగు రోజులు చక్కగా సాగింది. అయిదో రోజు నైట్ డ్యూటీ పడింది. ఆరో రోజంతా నిద్ర. ఏడో రోజు బిడ్డకు జ్వరం. అలా ఆరు రోజులు జరిగిపోయాయి. పదకొండో రోజు పెట్టె ముందు కూర్చుని లెక్క వేసుకున్నారు. రాసి ఉన్నవి 40, తప్పిన ఆరు రోజులకు రాయాల్సినవి 60, మొత్తం 100. ఆ అంకె చూసి పెట్టె మూసేశారు. కొందరు ఇంతవరకూ తెరవలేదు.

మొదటి తప్పు నాదే. పది మాటలు సెలవులో ఉన్నవారికి సరిపోతాయి. ఉదయం ఎనిమిది నుంచి రెండు, రెండు నుంచి రాత్రి ఎనిమిది, రాత్రి ఎనిమిది నుంచి తెల్లవారి ఎనిమిది, ఇలా మూడు రకాల డ్యూటీలు మారుతూ ఉండేవారికి ఒకే సంఖ్య పెట్టకూడదు. ఇకనుంచి పగటి డ్యూటీ ఉన్న రోజు నాలుగు కొత్త మాటలు. నైట్ డ్యూటీ రోజున, నైట్ దిగిన రోజున కొత్తవి ఒక్కటి కూడా వద్దు. నైట్ దిగాక చేయాల్సింది తినడం, పడుకోవడం. నేర్చుకున్నది నిద్రలోనే గట్టిపడుతుంది కాబట్టి ఆ నిద్రలో కోత పెట్టి చదివితే రెండూ చెడతాయి.

ఇది సర్దుకునే విషయమే. రెండోది అలా కాదు.

మీరు ఆరు రోజులు మానేసినందుకు నాకేమీ బాధ లేదు. ఆ ఆరు రోజులనూ బాకీ కింద రాసుకున్నారే, దానికి కోపం వచ్చింది. ఎవరు ఇచ్చిన అప్పు అది? ఎవరికి తీర్చాలి? ఒక వృద్ధురాలు వచ్చి పొద్దున బీపీ మాత్ర మరిచిపోయాను, రాత్రికి రెండు వేసుకోనా అని అడిగితే మీరేమంటారు? "వద్దవ్వా, పోయిన మాత్ర పోయింది, వేళకు వేసుకోవాల్సింది ఒక్కటే వేసుకో" అంటారు. రోజుకు నలుగురికి చెప్పే మాట ఇది. అదే మాట మీ పెట్టె విషయంలో మీకు మీరు ఎందుకు చెప్పుకోరు?

బాకీ అనుకోవడం ఎంత నష్టమో అంకెలతో చూపిస్తాను. హెర్మన్ ఎబింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థం లేని అక్షరాల వరుసలను తానే బట్టీపట్టి, కొంతకాలం వదిలేసి, మళ్లీ బట్టీపట్టి, ఆ ఫలితాలను 1885లో ప్రచురించారు. రెండోసారి నేర్చుకునేటప్పుడు మొదటిసారికంటే ఎంత శ్రమ కలిసివచ్చిందన్నది ఆయన కొలత. గంట తర్వాత 44 శాతం కలిసివచ్చింది. ఒక రోజు తర్వాత 34. రెండు రోజులకు 28. ఆరు రోజులకు 25. నెల రోజులకు 21. ఇవి అర్థం లేని అక్షరాల మీద, ఒకే మనిషి మీద వచ్చిన అంకెలు. మీ కార్డులకు సరిగ్గా ఇవే వస్తాయని అనడం లేదు. ఆ పడిపోయే తీరు చూడండి. పోవాల్సిందంతా మొదటి రోజే దాదాపు పోయింది. రెండో రోజుకూ ఆరో రోజుకూ మధ్య పోయింది మూడు పాళ్లే. రెండు రోజులు మానేసిన మనిషి, ఆరు రోజులు మానేసిన మనిషి దాదాపు ఒకే మెట్టు మీద ఉన్నారు. మీరు భయపడుతున్నట్టు ఆ బాకీకి రోజురోజుకూ వడ్డీ పెరగడం లేదు.

ఆయనదే ఇంకో లెక్క ఉంది. ఒక వరుసను ఒకే రోజు 68 సార్లు తిరగేస్తే వచ్చిన ఫలితమే, మూడు రోజులకు పంచి 38 సార్లు తిరగేసినా వచ్చింది. ఆదివారం కూర్చుని వారం బాకీ అంతా తీర్చేస్తాను అని రాసినవారు ఈ వాక్యాన్ని ఇంకోసారి చదవండి. మూడు గంటలు కూర్చోగలిగిన మీ ఓపికను నేను గౌరవిస్తాను. ఆ ఓపికలో సగం దండగ అవుతుందనే నా బాధ.

ఈ దండగ నేనూ చేశాను. జర్మన్‌లో బీ1 అనే మధ్యస్థాయి పరీక్షకు చదువుతున్న ఏడాది మా అత్తగారికి తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో డ్యూటీ, ఇంటికొస్తే మళ్లీ అదే డ్యూటీ. పదకొండు రోజులు పెట్టె ముట్టలేదు. పన్నెండో రోజు రాత్రి పిల్లలు పడుకున్నాక వంటింటి గచ్చు మీద పెట్టెను బోర్లించి లెక్కపెట్టాను. 140 కార్డులు. పదింటికి మొదలుపెట్టి ఒంటిగంటకు ముగించాను. తెల్లవారి రాజ్‌విహార్ దగ్గర ఆటోలో కూర్చుని గుర్తు చేసుకోబోతే జర్మన్ నామవాచకాల ముందు వచ్చే డేర్, డీ, డాస్ మూడూ కలగాపులగమయ్యాయి. ఏ మాట ముందు ఏది వస్తుందో ఒక్కదానికీ నమ్మకంగా చెప్పలేకపోయాను. ఆ సాయంత్రమే పెట్టెను అటక ఎక్కించాను. రెండు నెలలు అక్కడే ఉంది.

దసరాకు బూజు దులుపుతుంటే మళ్లీ చేతికి వచ్చింది. నా కార్డులన్నీ పెళ్లి శుభలేఖల అట్ట కత్తిరించి చేసినవి. ఆ మందం వేరే కాగితానికి రాదు, డబ్బూ ఖర్చు కాదు. పైనున్న కార్డుకు ఒక మూల ఇంకా పసుపు అంటుకుని ఉంది. ఆ పసుపు మూల చూడగానే, తిప్పకముందే మాట నోటికి వచ్చింది: ఫీబర్, జ్వరం. తిప్పి చూస్తే ఆకుపచ్చ సిరా. డేర్, డీ, డాస్‌లకు ఒక్కోదానికి ఒక్కో రంగు సిరా, ఆకుపచ్చ అంటే డాస్. డాస్ ఫీబర్. రెండు నెలలు అటక మీద దుమ్ము పట్టిన మాట అది. ఆ పూట పిడికిట్లో పట్టినన్ని కార్డులే తీసుకున్నాను, పన్నెండు వచ్చాయి. కుక్కర్ మూడు కూతలు కూసేలోగా అయిపోయాయి. మర్నాడు మరో పన్నెండు. మిగిలినవి ఎన్ని ఉన్నాయో ఆ తర్వాత ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

కాబట్టి తిరిగివచ్చే రోజు పద్ధతి ఇది. ఎన్ని రోజులు పోయాయో లెక్క వేయవద్దు. రాయకుండా పోయిన కొత్త మాటలను అసలు రాయవద్దు, అవి ఆ రోజులతోపాటే పోయాయి. పెట్టెలో చేతికి వచ్చిన పన్నెండు కార్డులు తీసి, మిగతావాటికి రబ్బరు బ్యాండు వేసి మూడో అర వెనక్కు నెట్టండి. ఆ పన్నెండింటిలో చెప్పగలిగినవి రెండో అరలోకి, చెప్పలేనివి మొదటి అరలోకి. మర్నాడు రబ్బరు బ్యాండు కట్టలోంచి ఇంకో ఆరు. కట్ట ఎప్పటికి కరిగితే అప్పటికే కరగనివ్వండి. అయిదుసార్లు చూసినా ఎక్కని మాట ఉంటే ఆ కార్డు చించేయండి. అది నిజంగా అవసరమైన మాటే అయితే ఏదో ఒక వాక్యంలో మళ్లీ ఎదురవుతుంది, అప్పుడు ఊరికే ఎక్కుతుంది.

అరల గురించి ఇద్దరు అడిగారు. ఈ పెట్టెను 1970లలో ప్రచారంలోకి తెచ్చిన సెబాస్టియన్ లైట్నర్ పద్ధతిలో అయిదు అరలు ఉంటాయి. నేను మూడే వాడతాను. మొదటిది రోజూ, రెండోది మూడు రోజులకు ఒకసారి, మూడోది ఆదివారం. డ్యూటీలు మారే మనకు అయిదు అరల తేదీలు గుర్తుపెట్టుకోవడమే ఇంకో పని అవుతుంది. ఫోనులో యాంకీ అనే కార్డుల యాప్ వాడేవారు రోజుకు చూపించే పాత కార్డుల పరిమితిని 12కు దించండి. తెరవగానే ఎదురయ్యే పెద్ద అంకె మీ ఉసురు తీయకుండా ఉంటుంది. వరుసగా ఎన్ని రోజులు చదివారో చూపించే గుర్తులు ఉన్న యాప్ అయితే ఆ గుర్తు కనబడకుండా చేసుకోండి. యాభై రోజుల వరుస తెగిందని యాభై ఒకటో రోజు నుంచి చదువే మానేసిన అమ్మాయి నాకు తెలుసు. చాలా తెలివైన పిల్ల. ఆమె ఇప్పటికీ మళ్లీ మొదలుపెట్టలేదు, నాకు అది ఇప్పటికీ కలుక్కుమంటుంది.

నంద్యాల బస్సులో వచ్చేవారికి ఒక మాట. బస్సులో కార్డులు తీయకండి, కుదుపుకు చెల్లాచెదురవుతాయి, కళ్లూ లాగుతాయి. పాణ్యం దాటాక ఇయర్‌ఫోన్లు చెవులకు పెట్టుకుని ఓర్వకల్లు వచ్చేదాకా ఒకే ఆడియో ముక్కను మళ్లీ మళ్లీ వినండి. రోజుకో కొత్తది వద్దు, వారమంతా అదే.

కడప నుంచి ఒక తమ్ముడు ఉద్యోగం మానేసి ఆరు నెలలు కూర్చుని చదవనా అక్కా అని అడిగాడు. వద్దు నాయనా. నీ ఊళ్లోనే సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ఉంది, ఒకసారి లోపలికి వెళ్లి రా. ఆయన 1820లో కడపకు వచ్చింది కలెక్టరు కచేరీలో కొలువు చేయడానికి. పగలు కచేరీ పని, మిగిలిన వేళ పండితుల దగ్గర తెలుగు. ఆ తెలుగు నిఘంటువుగా అచ్చయింది 1852లో. మధ్యలో బదిలీలు, జబ్బులు, కొలువు ఊడిన రోజులు అన్నీ ఉన్నాయి. ఆయనకు జీతమిచ్చి పండితులను పెట్టుకునే స్తోమత ఉంది, మనకు లేదు, ఆ తేడా నాకు తెలుసు. అయినా కొలువు వదిలితేనే భాష వస్తుందనే మాటను మాత్రం ఆయన జీవితం ఒప్పుకోదు. ఇంకో సంగతి. గోయెథె సంస్థ పెట్టే బీ1 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం నాలుగూ వేర్వేరు భాగాలు. ఒక్కోదానిలో నూటికి 60 వస్తే ఆ భాగం గట్టెక్కినట్టే. తప్పినదాన్ని మాత్రమే మళ్లీ రాసుకోవచ్చు. అంటే నీ మీద ఉన్నది ఒక్క పెద్ద బరువు కాదు, నాలుగు మూటలు. ఒక్కోటి మోసుకో. జీతం వస్తూ ఉంటే ఇంట్లో ఎవరూ నిన్ను తొందరపెట్టరు.

ఈ వారం కొత్త మాటలు నాలుగే, వారం మొత్తానికి. నీలం సిరాతో డేర్ డీన్‌స్ట్, అంటే డ్యూటీ. ఎర్ర సిరాతో డీ పౌజె, మధ్యలో దొరికే విరామం. ఏ రంగూ అక్కరలేని మ్యూడె, అంటే అలసిన. నాలుగోది హాల్ప్, సగం. దీని దగ్గర కాస్త ఆగండి. మనం రెండు దాటి అరగంట అయితే రెండున్నర అంటాం, అయిపోయిన గంటను పట్టుకుని సగం కలుపుతాం. జర్మన్‌లో రాబోయే గంటను పట్టుకుంటారు. హాల్ప్ డ్రై అంటే మాటకు మాట పెడితే సగం మూడు, గడియారంలో మాత్రం రెండున్నర. డ్యూటీ హాల్ప్ ఆఖ్ట్‌కు అని చెబితే ఏడున్నరకు వెళ్లాలి. ఎనిమిదిన్నర అనుకున్నారో, గంట ఆలస్యం. ఆఖ్ట్ అంటే ఎనిమిది కాబట్టి చెవికి ఎనిమిదే గట్టిగా తగులుతుంది, అందుకే పొరపాటు. ఈ కార్డు వెనుక అర్థం రాయకండి, ఏడున్నర చూపించే గడియారం బొమ్మ వేయండి.

ఇక అభ్యాసం. ఇది మీలో చాలామందికి నచ్చదు, అయినా చేసి తీరాలి. వచ్చే వారంలో వరుసగా రెండు రోజులు కావాలనే పెట్టె తెరవవద్దు. ఏ రెండు రోజులో ఇప్పుడే నిర్ణయించుకుని క్యాలెండరులో సున్నాలు చుట్టండి. డ్యూటీ తేలికగా ఉన్న రోజులనే ఎంచుకోండి, చదవడానికి వేళ ఉండి కూడా చదవకుండా ఉండాలి. మొదటి సాయంత్రమే చెయ్యి పెట్టె వైపు లాగుతుంది, రెండో రోజు రాత్రి లోపల ఎవరో తిడుతున్నట్టు ఉంటుంది. ఆగండి. మూడో రోజు వేళకు కూర్చుని పన్నెండు కార్డులే తీయండి. పదమూడోది తీయాలనిపించినా తీయకండి. పని ముగిశాక పైకి వినబడేలా మూడు జర్మన్ వాక్యాలు చెప్పండి, తప్పులున్నా పరవాలేదు. ఒకటి మీ డ్యూటీ ఎన్ని గంటలకో, హాల్ప్ వాడి. ఒకటి మీరు అలసిపోయారని: ఇష్ బిన్ మ్యూడె. మూడోది మీ ఇష్టం.

తర్వాత నాకు ఒక్క విషయం రాసి పంపండి: ఆ మూడో రోజు మొదట చేతికి వచ్చిన కార్డు మీద ఏ మాట ఉంది, అది తిప్పకముందే గుర్తొచ్చిందా?