మట్టీ చప్పుడూ: చారెడు నేలకు పటం గీయడం ఎలా?

1966లో న్యూయార్క్‌లో మాక్స్ న్యూహాస్ అనే డ్రమ్ముల వాద్యకారుడు కచేరీ ఉందని కొంతమంది స్నేహితులను పిలిచాడు. వచ్చినవాళ్ల చేతుల మీద ‘వినండి’ అని స్టాంపు కొట్టి, వీధుల వెంట నడిపించుకుంటూ పోయాడు. వాద్యం లేదు, వేదిక లేదు. ఆ నడకే కచేరీ. పదకొండేళ్ల తర్వాత అదే నగరంలో వాల్టర్ డి మరియా అనే కళాకారుడు ఒక భవనంలో 22 అంగుళాల మందాన మట్టి పరిచి అలాగే వదిలేశాడు. ఆ మట్టి ఇప్పటికీ అక్కడే ఉంది. చూడ్డానికి వెళ్లినవాళ్లు గుమ్మం దగ్గర నిలబడి, ఆ వాసన పీల్చుకుని వస్తారు.

ఈ రెండు పనులనూ మన స్థాయిలో ఒకే కాగితం మీద కలపవచ్చు. ఎంచుకున్న నేల మట్టితోనే రంగు చేసి, ఆ నేల మీద విన్న చప్పుళ్లను ఆ రంగుతోనే పటంగా గీయడం. రెండు వారాంతాలు పడుతుంది. బొమ్మలు వేయడం రానివాళ్లు భయపడక్కర్లేదు. వచ్చినవాళ్లకే కొంచెం కష్టం, ఎందుకో చివర్లో తెలుస్తుంది.

1. చోటు చూసుకోండి

పది అడుగులు అటు, పది అడుగులు ఇటు ఉంటే సరిపోతుంది. అందమైన చోటు కోసం వెతకకండి. నడిచి వెళ్లగలిగే దూరంలో ఉందా లేదా అన్నదే ముఖ్యం, ఎందుకంటే మీరు అక్కడికి కనీసం నాలుగైదు సార్లు వెళ్లాలి. 1982లో ఆగ్నెస్ డేనిస్ అనే కళాకారిణి గోధుమ చేను వేయడానికి ఎంచుకున్నది మన్‌హటన్ కొసన, తెచ్చి పోసిన మట్టీ రాళ్లతో మెరక చేసిన రెండెకరాల బీడు. అక్కడ 285 చాళ్లు చేత్తో తీసి విత్తనం వేశారు. పక్కనే ఆకాశహర్మ్యాలు, మధ్యలో పండిన పైరు. పచ్చటి పల్లెలో అదే చేను వేసి ఉంటే ఎవరూ తల తిప్పి చూసేవారు కాదు.

స్థలం ఎవరిదో కనుక్కుని అడగండి. పాత ఫ్యాక్టరీల ఆవరణలు, రద్దీ రోడ్ల అంచులు, రంగు పెచ్చులు రాలే పాత గోడల మొదళ్లు వద్దు. అలాంటి మట్టిలో సీసం ఉండవచ్చు. ఆ మట్టిని మీరు దంచి, జల్లించి, ఆ దుమ్ము పీలుస్తారని మర్చిపోకండి.

2. ముందు చెవి, తర్వాతే చెయ్యి

మొదటి రోజు మట్టి ముట్టుకోకండి. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఇరవై నిమిషాలు కూర్చోండి. కెనడాలో ‘శబ్ద నడకల’ గురించి 1974లోనే రాసిన హిల్డెగార్డ్ వెస్టర్‌క్యాంప్, వినడం మన ఒంటి నుంచే మొదలుపెట్టమంటారు. అంటే ముందు మన ఊపిరి, బట్టల రాపిడి, చెప్పుల చప్పుడు. తర్వాతే బయటివి. మంచి సలహా. మొదటి ఐదు నిమిషాలు వాహనాలూ మాటలూ తప్ప ఏమీ వినపడవు, బోర్ కొడుతుంది. లేచి వెళ్లిపోదాం అనిపించేది కూడా సరిగ్గా అప్పుడే. ఆ ఐదు నిమిషాలూ ఓర్చుకుంటే చాలు, చిన్న చప్పుళ్లు ఒక్కొక్కటే వచ్చి చెవిలో పడతాయి.

ఒక కాగితం మధ్యలో చిన్న గుర్తు పెట్టండి. అది మీరు. చప్పుడు ఎటు నుంచి వస్తే అటు, ఎంత దూరమనిపిస్తే అంత దూరంలో రాయండి. ఎలా రాయాలన్నదే ఇక్కడ అసలు కిటుకు. ‘పక్షి’, ‘ఆకులు’, ‘బండి’ అని రాయకండి. పేరు పెట్టగానే చెవి పని అయిపోయిందనుకుని పక్కకు తప్పుకుంటుంది. చప్పుడునే రాయండి. ఈ విషయంలో తెలుగువాళ్లం అదృష్టవంతులం. ఒక చప్పుడుకు ఒక మాట మన దగ్గర సిద్ధంగా ఉంటుంది, లేకపోతే అప్పటికప్పుడు పుట్టించుకోవచ్చు. ఎండుటాకు నేల మీద జరిగితే గరగర, పాము జరిగితే సరసర, పెద్ద ఆకుల మీద చినుకులు పడితే టపటప, రేకు మీద పడితే టకటక. నీళ్లు రాళ్ల మీద పారితే గలగల, ఇసుకలోకి ఇంకితే మాత్రం చుస్‌స్ అని ఒక్కసారి అని ఊరుకుంటాయి. నేను ఒకసారి ‘టిక్... టిక్... టిక్’ అని రాసుకుని, గడియారం లేని చోట ఇదేమిటా అని చాలాసేపు వెతికాను. ఎండకు పగులుతున్న గింజల కాయలు. ‘మొక్క’ అని రాసేసి ఉంటే అది నాకు దొరికేదే కాదు.

అమెరికన్ శబ్ద పరిశోధకుడు బెర్నీ క్రౌస్ చప్పుళ్లను మూడు కుప్పలు పోస్తారు. గాలి, నీరు, వాన లాంటి నేల చప్పుళ్లు ఒకటి, ప్రాణులవి రెండు, మనుషులవి మూడు. మీ కాగితం మీద కూడా మూడు రకాల గుర్తులు పెట్టుకోండి. పటం గీసేటప్పుడు పనికొస్తాయి. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, పొద్దు గూకే వేళ ఒకసారి వెళ్లండి. పొద్దు గూకేటప్పుడు పిట్టలు సద్దుమణిగి కీచురాళ్లు అందుకునే ఆ కొద్ది నిమిషాలను మాత్రం వదులుకోవద్దు.

3. నేల లోపలికి చెవి పెట్టండి

పరికరం లేకపోయినా ఇది చేయవచ్చు. మెకానిక్‌లు స్క్రూడ్రైవర్ ఒక కొస ఇంజన్‌కూ రెండో కొస చెవి దగ్గరి ఎముకకూ ఆనించి వింటారు. అలాగే ఒక గట్టి కర్రను నేలలో దిగేసి, పై కొసను చెవి ముందరి ఎముకకు ఆనించండి. చెవి లోపలికి మాత్రం దూర్చకండి.

ఇంకా లోతుగా వినాలంటే పీజో బిళ్ల, అంటే కంపనాలను కరెంటు సంకేతంగా మార్చే బిళ్ల కావాలి. ఎలక్ట్రానిక్ విడిభాగాలు అమ్మేచోట రూపాయి బిళ్ల సైజులో దొరుకుతుంది. దాన్ని ఒక పొడవాటి మేకు తలకు టేపుతో గట్టిగా బిగించి, మేకును మట్టిలోకి దించి, వైర్లను రికార్డర్‌కు కలిపి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. చప్పుడు మరీ పీలగా వస్తే మధ్యలో ఒక ప్రీయాంప్, అంటే ఆ సంకేతాన్ని పెంచే చిన్న పరికరం కావాలని అర్థం. మొదట వినపడేది మీ కదలికలే. కాళ్లు సర్దుకోవడం ఆపి పది నిమిషాలు కూర్చుంటే, మట్టిలో ఏదో గీరుతున్నట్టు, చిటుక్కుమన్నట్టు వినపడుతుంది. పురుగులు, వానపాములు, మొక్కల వేళ్ల మధ్య జారే రేణువులు. స్విట్జర్లాండ్‌లో మార్కస్ మేడర్ అనే శబ్ద కళాకారుడు ఇదే పని పెద్ద ఎత్తున చేశాడు. రకరకాల నేలల లోపలి చప్పుళ్లను రికార్డు చేసి, మట్టిలో ఎంత ప్రాణం ఉందో చెవితో పోల్చిచూశాడు.

4. మట్టి తీసుకోండి

రెండు గుప్పిళ్లు చాలు. పైన రాలిన ఆకులు తోసి ఒక గుప్పెడు, మూరెడు లోతున ఇంకో గుప్పెడు. రెండూ ఒకే చోటివే అయినా రంగు తేడా వస్తుంది. పైది కుళ్లిన ఆకుల వల్ల నల్లగా ఉంటుంది, లోపలిది అసలు రంగు. చేతి మీద గాయం ఉంటే గ్లౌజులు వేసుకోండి. వేరే దేశం నుంచి మట్టి తెచ్చుకుందామనుకుంటే ముందు నిబంధనలు చూసుకోండి, చాలా దేశాలు దాన్ని అనుమతించవు.

ఇక్కడితో ఆగిపోవాలన్నా ఆగిపోవచ్చు. డచ్ కళాకారుడు హెర్మన్ డి వ్రీస్ లోకమంతా తిరిగి వేల రకాల మట్టి పోగుచేసి, ఆ పొడిని వేలితో కాగితం మీద రుద్దేవాడు. అంతే. పక్కపక్కన పెట్టి చూస్తే ఏ రెండు మట్టులూ ఒక రంగు కావు.

5. మట్టిని రంగు చేయండి

మట్టిని ఆరబెట్టి, మెత్తగా దంచి, జల్లించండి. ముక్కుకు మాస్క్ కట్టుకోండి. ఒక గాజు సీసాలో పొడి వేసి, నిండా నీళ్లు పోసి, బాగా ఊపి, నిమిషం ఆగండి. ఇసుక అడుగుకు పోతుంది. పైనున్న మడ్డి నీళ్లను మెల్లగా రెండో సీసాలోకి వంచండి. మీకు కావాల్సిన రంగు ఆ మడ్డి నీళ్లలోనే ఉంది. ఇలా రెండు మూడుసార్లు చేసి, ఒకటి రెండు రోజులు కదపకుండా వదిలేస్తే నీళ్లు తేరుకుని అడుగున వెన్నలాంటి ముద్ద మిగులుతుంది. తేట నీళ్లు వంపేసి ముద్దను ఆరబెట్టుకోండి. వేళ్ల మధ్య నలిపితే గరుకు తగలకూడదు. తగిలితే ఇంకోసారి కడగాలి.

ఎరుపు, పసుపు ఇనుము వల్ల వస్తాయి. ఎరుపుకు హెమటైట్, పసుపుకు గోథైట్ అనే ఇనుప ఖనిజాలు కారణం. పసుపు మట్టిని వంటకు వాడని పాత పెనం మీద ఆరుబయట బాగా కాల్చితే, గోథైట్‌లోని నీరు పోయి హెమటైట్ అవుతుంది, కళ్లముందే ఎర్రబడుతుంది. అంటే ఒకే మట్టిలోంచి రెండు రంగులు.

ఇప్పుడు జిగురు. తుమ్మ జిగురు ఒక వంతుకు వేడినీళ్లు రెండు వంతులు పోసి, రాత్రంతా నాననిచ్చి, గుడ్డలో వడకట్టండి. రెండు చుక్కల తేనె వేస్తే ఆరాక పెళుసెక్కదు. గాజు పలక మీద మట్టి పొడి కొద్దిగా వేసి, జిగురు నీళ్లు కలుపుతూ నూరండి. కొలత అంటూ లేదు, ఒక్కో మట్టి ఒక్కోలా తాగుతుంది. చిన్న గీత గీసి ఆరాక వేలితో రుద్దండి. వేలికి అంటితే జిగురు తక్కువ, నిగనిగలాడుతూ పగిలితే ఎక్కువ.

కడగకుండా, నూరకుండా, పచ్చి బురదనే మందంగా పూసేస్తే సహజంగా ఉంటుంది కదా అని నేనూ అనుకున్నాను. రాత్రి చూస్తే బ్రహ్మాండంగా ఉంది. పొద్దున్నే ఎండిన చెరువులా నెర్రెలిచ్చి, కాగితం ఎత్తగానే పెంకులు పెంకులుగా రాలిపోయింది. బంకమట్టి ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. పలుచగా, పూత మీద పూత వేయడమే దారి. మిగిలిన తడి రంగు నాలుగు రోజుల్లో వాసనొస్తుంది కాబట్టి ఆరబెట్టి బిళ్లలుగా దాచుకోండి.

6. పటం గీయండి

కాగితం మందంగా ఉండాలి, వాటర్‌కలర్ వేసేదైతే మంచిది. మధ్యలో మీ గుర్తు. వినేటప్పుడు రాసుకున్న కాగితం పక్కన పెట్టుకుని, ఆగకుండా వచ్చిన చప్పుడుకు గీత, ఆగి ఆగి వచ్చినదానికి చుక్కలు, దగ్గరివి చిక్కగా, దూరానివి నీళ్లు ఎక్కువ కలిపి పలుచగా వేయండి. నేల లోపల విన్నవాటికి మూరెడు లోతు మట్టి, పైన విన్నవాటికి పై మట్టి వాడితే పటం చూస్తూనే లోతు తెలుస్తుంది.

బొమ్మలు వచ్చినవాళ్లకు కష్టమన్నది ఇక్కడే. చెయ్యి ఊరుకోదు, పిట్టను గీసేస్తుంది. పిట్ట కనపడగానే చూసేవాడికి ఆ కూత వినపడడం మానేస్తుంది. ‘కిచకిచ’ను ఎలా గీయాలో తెలియక కాసేపు తికమకపడండి, ఆ తికమకలో పుట్టిన గీతే బాగుంటుంది.

7. ఇంకొకరిని తీసుకెళ్లండి

నలుగురైదుగురికి మించవద్దు. ఒకే చోట కూర్చుని, మాట్లాడకుండా, ఎవరి కాగితం వాళ్లు నింపాలి. అందులో ఒక చిన్నపిల్లా, ఒక పెద్దాయనా ఉండేలా చూడండి. వయసు పెరిగేకొద్దీ సన్నటి, కీచు చప్పుళ్లు వినపడడం తగ్గుతుంది. అందుకే పిల్లల కాగితం మీద పురుగుల చప్పుళ్లు బారులు తీరి ఉంటే, పెద్దాయన కాగితంలో ఆ చోటు ఖాళీగా ఉండవచ్చు. పక్కపక్కన పెట్టగానే “ఇదెక్కడ వినపడింది నీకు?” అని మొదలవుతుంది. ఆ వాదన తెగనివ్వకండి, మళ్లీ కూర్చుని వినండి. కావాలంటే అందరి గీతలూ ఒకే పెద్ద కాగితం మీదికి ఎక్కించవచ్చు.

పటం వెనక తేదీ, వేళ, ఎండో వానో, మట్టి ఎంత లోతు నుంచి తీశారో రాయండి. రంగు చేయగా మిగిలిన ఇసుకనూ మట్టినీ పారేయకుండా తీసిన గుంటలోనే పోసి, పైన ఆకులు కప్పేయండి.