కొత్త ఊరు, కొత్త స్కూలు: బెంగపడే పిల్లలకు థెరపీ ఎలా సాయపడుతుంది

బదిలీ మీద ఊరు మారారు, కొత్త స్కూలుకి బయల్దేరే వేళకి పాపకు రోజూ కడుపునొప్పి, ఆదివారం మాత్రం ఏమీ ఉండదు. నాటకం అనుకోకండి, టెన్షన్‌కి నొప్పి నిజంగానే వస్తుంది. ముందు పిల్లల డాక్టరుకి చూపించండి. ఒంట్లో బాగానే ఉందని చెప్పినా కొన్ని వారాలపాటు తగ్గకపోతే క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్ళండి, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడానికి మొహమాటం వద్దు.

అక్కడ ఎక్కువగా చేసేది సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ), అంటే భయపెట్టే ఆలోచనల్నీ అలవాట్లనీ మెల్లగా మార్చే పద్ధతి. ఏ పనికి ఎంత భయమో పిల్లల చేతే 0 నుంచి 10 దాకా మార్కులు వేయిస్తారు, తక్కువ మార్కులున్న దానితో మొదలుపెట్టిస్తారు: సాయంత్రం ఖాళీ స్కూలు గేటు దాకా నడిచి రావడం, తర్వాత టీచర్‌తో ఒక్క మాట, ఆ తర్వాత ఒక పీరియడ్ కూర్చోవడం, అలా. భయం కాస్త దిగేదాకా అదే మళ్ళీ మళ్ళీ చేయించాలి, తొందరపడితే లాభం లేదు.

చెడగొట్టేది తరచుగా మనమే. ఏడవగానే "సరేలే, ఇవాళ మానెయ్" అంటాం (అమ్మమ్మలు ఇంకా ముందుంటారు), ఆ పూటకి ఊరట, మర్నాటికి భయం ఇంకాస్త పెరుగుతుంది. "ఏం కాదు, ఏం కాదు" అని వందసార్లు చెప్పినా అంతే. "భయమేస్తోందని తెలుసు నాన్నా, అయినా గేటు దాకా వెళ్దాం పద" అనండి చాలు.

దగ్గర్లో ఎవరూ లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.