వాట్సాప్ ఫార్వర్డ్ నిజమో కాదో తేల్చే స్కూల్ ప్రాజెక్ట్: ఎలా చేయాలి?

"బాధ్యతగా టెక్నాలజీ వాడకం" అని టాపిక్ ఇవ్వగానే వైజాగ్‌లో ఏ స్కూల్లో చూసినా అదే చార్టు వస్తుంది. మధ్యలో ఫోన్ బొమ్మ, చుట్టూ "ఫేక్ న్యూస్ నమ్మకండి" "పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండి", అంచుకి మెరుపు కాగితం. అది కట్టిన పిల్లకి అదే సాయంత్రం "రేపు స్కూళ్ళకి సెలవు, కలెక్టర్ గారి ఆర్డర్" అని ఫార్వర్డ్ వస్తే నమ్మాలో వద్దో తెలీదు, నమ్మేసి ఇంకో నలుగురికి పంపేస్తుంది. పిల్ల తప్పేం లేదు, తేల్చడం ఎలాగో మనమెవరం నేర్పలేదు కాబట్టి.

అందుకే నేను చెప్పే ప్రాజెక్ట్‌లో చార్టు లేదు, పీపీటీ లేదు, నినాదం లేదు. ఒక్క మెసేజ్ తీసుకోవాలి, దాని మొదలు ఎక్కడుందో వెతుక్కుంటూ పోవాలి, వెతికిందంతా రాయాలి, అంతే. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఎవరైనా చేయొచ్చు.

ఏమేం కావాలి

ముగ్గురు పిల్లలు, ఒక ఫోన్, ఒక లాంగ్ నోట్‌బుక్, రెండు వారాల టైం. నలుగురుంటే ఒకళ్ళు ఊరికే కూర్చుంటారు, అందుకే ముగ్గురే. కంప్యూటర్ ల్యాబ్ వద్దు, ఇంట్లో పిల్లల చేతికి దొరికేది ఫోనే కాబట్టి నేర్చుకోవడం కూడా ఫోన్‌లోనే జరగాలి. నోట్‌బుక్ మాత్రం చేత్తోనే రాయాలి, ఫోన్‌లో రాస్తే కాపీ పేస్ట్ అయిపోతుంది.

మెసేజ్ ఎంచుకోవడం

రాజకీయాలు, మతం, ఎవరి పరువుకైనా సంబంధించినవి ముట్టుకోవద్దు. "మన ఊరు చాలా గొప్పది" లాంటివి కూడా వద్దు, అది అభిప్రాయం, అందులో తేల్చడానికేం ఉండదు. తుఫాను, స్కూల్ సెలవు, పరీక్ష వాయిదా, పథకం డబ్బులు, పోర్టులో ఉద్యోగాలు, ఇలాంటివి తీసుకోండి.

ఫ్యామిలీ గ్రూప్ నుంచి స్క్రీన్‌షాట్ తీస్తే పంపినవాళ్ళ పేరు, నంబరు, డీపీ కత్తిరించేసి అప్పుడే నోట్‌బుక్‌లో అంటించండి. మావయ్య పంపిన ఫార్వర్డ్ ఆయన పేరుతో సహా క్లాసులో గోడెక్కితే అది బాధ్యత ఎలా అవుతుంది? మెసేజ్‌లో లింక్ ఉంటే నొక్కొద్దు, ఆ పథకం పేరు విడిగా టైప్ చేసి వెతకండి. మెసేజ్ మీద రెండు బాణాల గుర్తుందేమో కూడా చూసి రాసుకోండి. ఉంటే అది కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని లెక్క, 2020 ఏప్రిల్ నుంచి అలాంటివి ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తోంది వాట్సాప్. గుర్తు లేకపోతే కొత్తదనుకోవద్దు, కాపీ చేసి పేస్ట్ చేస్తే ఆ గుర్తు పోతుంది.

మొదలు పట్టుకోవడం

అందరూ పాడుచేసేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. బీచ్ రోడ్డు మీదకి అలలు కొట్టుకొస్తున్న ఫొటో, కింద "ఇప్పుడే ఆర్కే బీచ్‌లో, హుద్‌హుద్ కన్నా పెద్ద తుఫాను, రేపు సాయంత్రం సునామీ కూడా, అందరికీ పంపండి" అనుంది. పిల్లలు చేసే మొదటి పని మొత్తం మెసేజ్‌ని గూగుల్‌లో పడేసి "నిజమా" అని అడగడం. అలా వద్దు. ముందు మెసేజ్‌ని ముక్కలు చెయ్యండి, ఎందుకంటే ఒక ముక్క నిజమై ఇంకోటి అబద్ధమై ఉండొచ్చు, జనం మోసపోయేది ఎక్కువగా అలాంటి కలగలుపు మెసేజ్‌లకే. ఈ ఫొటో ఆర్కే బీచ్‌దేనా, ఒకటి. ఇవాళ్టిదేనా, రెండు. తుఫాను ఉందా, ఎంత పెద్దది, మూడు. సునామీ, నాలుగు. ఒక్కోదానికి నోట్‌బుక్‌లో ఒక్కో పేజీ.

ఫొటోకి గూగుల్ లెన్స్ వాడండి, మాటలతో కాకుండా ఫొటోతోనే వెతికే సాధనం అది. ఫొటో మీదున్న అక్షరాలు, ఎర్ర బాణాలు అవీ కత్తిరించి వట్టి ఫొటోనే వెతకండి. జాగ్రత్త, లెన్స్ చూపించే వరుస పోలికని బట్టి, తేదీని బట్టి కాదు, పైనున్నదే పాతదని అనుకోవద్దు. ఒక్కో పేజీ తెరిచి తేదీ చూడాలి. ఆ తేదీ కూడా ఫొటో తీసిన తేదీ కాదు, ఫొటో ఆ రోజుకే ఉందని మాత్రం చెబుతుంది. అంటే 2014 అక్టోబరు నాటి వార్తలో అదే ఫొటో దొరికితే అది ఇవాళ్టిది కాదని ఖాయం, కానీ అది ఎక్కడ తీశారో ఇంకా తేలలేదు, దానికి ఫొటోలో బోర్డులు, బిల్డింగులు, రోడ్డు వంపు చూడాలి. మనూరి పిల్లలకి ఇక్కడ ఓ సుఖం ఉంది, కురుసుర సబ్‌మెరైన్ ఎటుందో, కాళీమాత గుడి ఎటుందో కళ్ళు మూసుకుని చెప్పగలరు. అనుమానమొస్తే ఆదివారం అమ్మానాన్నల్ని తీసుకుని వెళ్ళి, అదే కోణంలో నిలబడి చూడండి.

లెన్స్‌లో ఏమీ దొరకలేదనుకోండి. దొరకలేదంటే నిజమనీ కాదు, అబద్ధమనీ కాదు, దొరకలేదంతే. ఈ ఒక్క వాక్యం పిల్లలకి ఎన్నిసార్లు చెప్పినా సరిపోదు, దొరక్కపోగానే "అయితే కొత్తదే, నిజమే" అని రాసేస్తారు.

తుఫాను సంగతి వాతావరణ శాఖ బులెటిన్‌లోనే చూడాలి, వైజాగ్‌లోనే వాళ్ళ తుఫాను హెచ్చరికల కేంద్రం ఉంది. యూట్యూబ్ థంబ్‌నెయిల్ బులెటిన్ కాదు. గాలి గంటకి 62 కిలోమీటర్లు దాటాకే వాయుగుండం తుఫాను అవుతుంది, అప్పుడే పేరు పెడతారు, కాబట్టి అల్పపీడనం దశలోనే పేరు పెట్టేసి భయపెట్టే మెసేజ్ కనిపిస్తే బులెటిన్‌తో పోల్చండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు ఇక్కడ గాలి 180 కిలోమీటర్ల దాకా వీచింది, "అంతకన్నా పెద్దది" అన్నవాళ్ళు ఆ అంకె చూపించాలి. ఇక సునామీ ముక్క దానంతటదే విడిపోతుంది. సునామీ ఎక్కువగా సముద్రంలో భూకంపం వల్లే వస్తుంది, భూకంపం ఫలానా రోజు వస్తుందని ముందే చెప్పగలిగినవాళ్ళు లేరు, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సునామీ హెచ్చరిక ఇచ్చేది సముద్రంలో భూకంపం వచ్చాకే, అలాంటప్పుడు "రేపు సాయంత్రం సునామీ" అని ఇవాళ ఎవరికి తెలుస్తుంది?

ఇంకో గుంట ఉంది ఇక్కడ. పిల్లలు పది సైట్ల పేర్లు రాసి "పదిమంది చెప్పారు" అంటారు. తెరిచి చూస్తే తొమ్మిది సైట్లు పదోదాన్ని ఎత్తి రాసినవే, వాక్యాలు కూడా మారవు. అది ఒక్క సాక్షి కిందే లెక్క. ఏఐ చాట్‌బాట్ చెప్పింది సాక్షి కిందకి అసలు రాదు. అది ఇచ్చిన ఆధారం తెరిచి, ఆ మాట అందులో నిజంగా ఉందో లేదో చూశాకే నోట్‌బుక్‌లోకి ఎక్కాలి.

కొన్ని స్కూళ్ళలో చెక్‌లిస్ట్ ఇస్తారు, సైట్ అడ్రసు పక్కన తాళం గుర్తుందా, స్పెల్లింగ్ తప్పులున్నాయా, డిజైన్ బాగుందా అని. నాకు అది ససేమిరా పడదు. తాళం గుర్తు మధ్యలో ఎవరూ చూడకుండా డేటా వెళ్తోందని చెబుతుంది, అవతలివాడు మంచోడని చెప్పదు, మోసం సైట్‌కీ తాళం ఉంటుంది. స్పెల్లింగ్ అంటారా, ఏఐ వచ్చాక అబద్ధాలు కూడా ఒక్క తప్పు లేకుండా వస్తున్నాయి. 2017లో బయటికొచ్చిన ఒక పరిశోధనలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి చెందిన సామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ చరిత్రలో పీహెచ్‌డీ చేసినవాళ్ళని, స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల్ని, నిజానిజాలు తేల్చడమే ఉద్యోగమైన ఫ్యాక్ట్ చెకర్లని, మొత్తం 45 మందిని కూర్చోబెట్టి వెబ్‌సైట్లు ఇచ్చి గమనించారు. అంత చదువుకున్న చరిత్రకారులు కూడా చాలాసార్లు ఆ పేజీనే పట్టుకుని, లోగోలకీ డిజైన్‌కీ పడిపోయారు. ఫ్యాక్ట్ చెకర్లు మాత్రం పేజీ వదిలేసి పక్కన కొత్త ట్యాబులు తెరిచి, ఈ సైట్ ఎవరిది, వీళ్ళ గురించి బయట ఏమంటున్నారు అని వెతికి తొందరగా తేల్చేశారు. మన పిల్లలకి నేర్పాల్సింది ఆ అలవాటే.

తీర్పు రాయడం

ఒక్కో ముక్కకి నాలుగింటిలో ఒకటి రాయాలి: నిజం, అబద్ధం, పాతది లేదా వేరే చోటిది, తేలలేదు. పక్కనే ఆధారం, చూసిన తేదీ. టీచర్లకి ఒక్క మాట, బాగా వెతికి "తేలలేదు" అని రాసిన గ్రూప్‌కి ఫుల్ మార్కులు వెయ్యండి. లేకపోతే మార్కుల కోసం ఏదో ఒకటి తేల్చేస్తారు, మనం వద్దంటున్నదే మన ప్రాజెక్ట్ నేర్పుతుంది.

ఇంట్లో చెప్పడం

ఇది లేకపోతే ప్రాజెక్ట్ సగమే. తేలిన సంగతి ఆ మెసేజ్ వచ్చిన గ్రూప్‌లో మూడు లైన్లలో పెట్టాలి, నిజంతో మొదలుపెట్టాలి: "ఇవాళ్టి బులెటిన్‌లో తుఫాను లేదు. ఆ ఫొటో 2014లోనే వార్తల్లో వచ్చింది. బులెటిన్ ఇక్కడ చూడొచ్చు." అబద్ధాన్ని మళ్ళీ పెద్దక్షరాల్లో పెట్టి ఎర్ర గీత కొడితే జనానికి అబద్ధమే గుర్తుండిపోవచ్చు. పంపినవాళ్ళకి ముందు విడిగా చెప్పాలి, "పెద్దనాన్నా, మీరు పంపింది మేం స్కూల్ ప్రాజెక్ట్‌కి వెతికాం, ఇది దొరికింది, ఒకసారి చూడండి" అని. అందరి ముందు తప్పని తేలిస్తే ఆయన దిద్దుకోరు సరికదా, పిల్లాడి మాట ఇంకోసారి వినరు.

ఇదంతా మనూరికి చిన్న విషయం కాదు. 2020 మే 7 తెల్లవారుజామున వైజాగ్‌లోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి గ్యాస్ లీకైంది, ఆ రాత్రే మళ్ళీ లీకైందన్న ప్రచారం లేచి చుట్టుపక్కల జనం చీకట్లో పిల్లల్ని ఎత్తుకుని రోడ్ల మీదకొచ్చారు. అలాంటి రాత్రి ఇంట్లో ఒక్కళ్ళకైనా ఎక్కడ చూసి తెలుసుకోవాలో తెలిసుండాలి.

నోట్‌బుక్ ఇచ్చేటప్పుడు చివరి పేజీలో వెతికిన దారి వరుసగా రాయండి, ఎక్కడ మొదలెట్టారు, ఎక్కడ దారి మూసుకుపోయింది, మళ్ళీ ఎటు తిరిగారు అని. వచ్చే ఏడాది పిల్లలకి ఆ పేజీ చూపిస్తే వాళ్ళు అక్కణ్ణుంచే అందుకుంటారు. వెతుకుతుండగా ఇంట్లో ఎవరో ఇప్పటికే లింక్ నొక్కి డబ్బులు పోగొట్టుకున్నారని తెలిస్తే ప్రాజెక్ట్ పక్కన పెట్టి వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపడానికి అంత వీలుంటుంది.