సోమవారానికి మళ్లీ ఆఫీసు బండి కావాలి: స్కూటర్ మీద క్యాంపింగ్ సామాను

వికారాబాద్ దగ్గరి అనంతగిరికి నేనూ మా పాపా స్కూటర్ మీద క్యాంపింగ్‌కి వెళ్తుంటే, చేవెళ్ల దాటాక ఒక పెట్రోల్ బంకులో మా పరువు పోయింది. నాది పాత మోడల్ యాక్టివా. పెట్రోల్ మూత సీటు కింద ఉంటుంది. సీటు వెనకేమో కూరగాయల ప్లాస్టిక్ ట్రే, అందులో టెంటు, దుప్పట్లు, గిన్నెలు. ట్రే కదలకుండా రబ్బరు తాళ్ల కొక్కేల్ని సీటు అంచుకే తగిలించాను. అంటే సీటు లేవాలంటే సామానంతా దిగాలి. వెనక రెండు ఆటోలు, ఒక ట్రాక్టరు హారన్ కొడుతుంటే, మా పాప గిన్నెలన్నీ నేల మీద పేర్చుకుని సంతలో దుకాణం పెట్టినట్టు కూర్చుంది.

అంతకు ముందే ఇంకో ముచ్చట జరిగింది. మర్రిచెట్ల కింద ఒక గుంతలో బండి పడగానే రబ్బరు తాడు కొక్కెం ఊడి, పాప హెల్మెట్ అద్దానికి ఠప్పుమని తగిలింది. అద్దం లేకపోతే కంటికే. నేను బీమా ఆఫీసులో యాక్సిడెంట్ క్లెయిముల కాగితాలు చూసే ఉద్యోగం చేస్తాను కాబట్టి ఆ రాత్రి అనంతగిరిలో నాకు నిద్ర పట్టలేదు. కొక్కేలున్న రబ్బరు తాళ్లను ఆ రోజే మానేశాను. మీరూ మానేయండి.

ఇంటికొచ్చాక, సామాను కట్టే పద్ధతి మొత్తం మార్చేద్దామని మూడు షరతులు పెట్టుకున్నాను. బండి బాడీకి ఒక్క రంధ్రం కూడా కొట్టకూడదు. సామాను దించకుండా పెట్రోల్ కొట్టించగలగాలి. ఆదివారం రాత్రికి అన్నీ ఊడొచ్చి, సోమవారం పొద్దున అదే బండి మీద సఫిల్‌గూడ నుంచి ఆఫీసుకి వెళ్లగలగాలి. ఈ మూడోదే అన్నిటికంటే ముఖ్యం. ఊడదీయడం కష్టమైతే వెనక బిగించిన పెట్టె అలాగే ఉండిపోతుంది, నెల తిరిగేలోపు నట్లు వదులైపోతాయి, మనం చూసుకోం.

ముందు బరువు ఎక్కడ పెట్టాలో తేల్చుకోవాలి. హైదరాబాద్‌లో స్కూటర్ ఉన్నవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. నిండు గ్యాస్ బండ 30 కిలోల దాకా తూగుతుంది, దాన్ని ఎక్కడ పెట్టుకొస్తాం? కాళ్ల దగ్గర. ఆ చోటు రెండు చక్రాల మధ్య, నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి బండి తూలదు. అదే బరువు వెనక చక్రం దాటి బయటికి పోతే ముందు చక్రం తేలికైపోతుంది, హ్యాండిల్ చేతిలో ఉన్నట్టే ఉండదు. నా కూరగాయల ట్రే చేసిన పని అదే. కాబట్టి నీళ్లు, బియ్యం, గిన్నెలు, పనిముట్లు కాళ్ల దగ్గర. టెంటు, బట్టలు పక్క సంచుల్లో. దుప్పట్లు, స్లీపింగ్ బ్యాగుల్లాంటి దూది బరువు వెనక.

ఇంకో సంగతి నాకు వెల్డింగ్ షాపులో తెలిసింది. స్కూటర్‌లో ఇంజను, సైలెన్సరు, వెనక చక్రం అన్నీ ఒకే ముక్కలాగా కలిసి పైకీ కిందకీ ఊగుతాయి. బాడీ వేరుగా ఊగుతుంది. ఒక తాడు కొస బాడీకి, ఇంకో కొస సైలెన్సర్ గార్డుకో ఇంజనుకో కట్టామనుకోండి, ప్రతి గుంతకీ అది బిగుసుకుంటుంది, వదులవుతుంది, చివరికి తెగుతుంది. ఏం కట్టినా రెండు కొసలూ బాడీ వైపే ఉండాలి.

పక్క సంచుల సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఎక్కువ పాడుచేసింది ఇక్కడే. ఎడ్ల మీద వేసే జోడు సంచుల్ని మా తాతమ్మ పెరికెలు అనేది. మనకు కావలసిందీ అదే. గుడ్డ కొనక్కర్లేదు. ఫ్లెక్సీలు ప్రింట్ చేసే షాపులో పాడైన ప్రింట్లు మూలన పడుంటాయి, అడిగితే ఊరికే ఇస్తారు. నాకు పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీ దొరికింది. నాయకుడి ముఖం లోపలికి వచ్చేలా కుట్టాను. ఇప్పుడు సబ్బు కోసం సంచిలోకి చెయ్యి పెట్టిన ప్రతిసారీ ఆయన సగం మీసంతో నవ్వుతుంటాడు.

ఒక్కో సంచి 14 ఇంచీల పొడవు, 11 ఇంచీల ఎత్తు, 5 ఇంచీల లోతు. అంతకంటే వెడల్పు పెంచకండి, ట్రాఫిక్‌లో బండి దూరిన సందులో సంచులు దూరవు. మామూలు కుట్టు మిషన్ చాలు, కానీ సూది 18వ నంబరుది వేయాలి, దారం నైలాన్‌ది. కుట్టు పొడవుగా పెట్టండి. మొదటిసారి గట్టిగా ఉంటుందని దగ్గర దగ్గరగా కుట్టాను. ఫ్లెక్సీకి సూది చేసిన రంధ్రం పూడదు. ఆ రంధ్రాలన్నీ వరసగా ఉంటే పోస్టల్ స్టాంపులాగా ఆ గీత వెంబడే చిరిగింది. అంచుల్ని రెండు మడతలు వేసి, ఇంచీకి ఆరు కుట్లు పడేలా కుడితే ఆగుతుంది.

బరువు మోసేది ఫ్లెక్సీ కాదు, నవారు. ఇంచీ వెడల్పున్న నైలాన్ నవారు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో మీటర్ల లెక్కన కోసిస్తారు, స్కూలు బ్యాగులకుండే క్లిప్పులు కూడా అక్కడే దొరుకుతాయి. నవారును సంచి నోటి దగ్గర మాత్రమే కుట్టి వదిలేయకండి. సంచి అడుగు నుంచి చుట్టి రెండో వైపు పైకి రావాలి, బిడ్డను చీరకొంగుతో చంకలో కట్టుకున్నట్టు. తెగ్గోసిన కొసల్ని అగ్గిపుల్లతో కాస్త కరిగిస్తే పోగులు ఊడవు.

రెండు సంచుల్నీ కలిపే రెండు పట్టీలు సీటు పై నుంచి కాదు, సీటు కింద నుంచి వెళ్లాలి. సీటు ఎత్తి, డిక్కీ అంచు మీదుగా నవారును పరిచి, మళ్లీ సీటు మూసేయడమే. పలచటి పట్టీ కాబట్టి లాక్ మామూలుగానే పడుతుంది, కొక్కెం పడే చోటికి మాత్రం పట్టీ రాకుండా చూసుకోండి. ఇక బంకులో సీటు లేపితే సంచులు ఉన్నచోటే ఉంటాయి. ఈ ఉపాయం తట్టిన రోజు నేను ఒంటరిగా వంటింట్లో చప్పట్లు కొట్టుకున్నాను.

కుడి సంచి కింద సైలెన్సరు ఉంటుంది. సంచి అడుగుకీ దానికీ మధ్య కనీసం బెత్తెడు ఖాళీ ఉండాలి, అది కూడా సామాను నింపి, ఇద్దరూ కూర్చున్నాక కొలవాలి. ఖాళీ బండి మీద కొలిస్తే మోసపోతాం. ఫ్లెక్సీ వేడికి ముందు మెత్తబడుతుంది, తర్వాత కరుగుతుంది. వెనక కూర్చున్న వాళ్ల పాదాలు ఆనించే చోటు కూడా వదలాలి. పాపను కూర్చోబెట్టి, మడమలు ఎక్కడికి వస్తాయో చాక్‌పీస్‌తో గీసుకుని సంచుల్ని దాని వెనక్కి జరిపాను. ఇక నీళ్లు కారకుండా కుట్ల మీద ఏవేవో పూశాను, దండగ. లోపల పెద్ద పాలిథిన్ కవరు వేసి నోరు ముడేయడమే సుఖం.

వెనక పెట్టెకి నేను వాడింది 20 లీటర్ల పెయింటు బకెట్. ఇంటికి రంగులు వేయించినప్పుడు మిగిలింది. నీళ్లు చొరని మూత, పట్టుకోవడానికి కడ్డీ, బరువు కిలో చుట్టుపక్కల. క్యాంపులో స్టూలు, రాత్రి అదే నీళ్ల బకెట్. కొనుక్కునే ఖరీదైన పెట్టెలేవీ ఇన్ని పనులు చేయవు.

దాన్ని కూర్చోబెట్టడానికి, సీటు వెనక ఉండే పట్టుకునే రాడ్ బోల్టుల మీద ఒక చిన్న ఫ్రేము కావాలి. అట్టముక్క మీద ఆ బోల్టుల అచ్చు తీసుకుని వెల్డింగ్ షాపుకి వెళ్లండి. బండిని తీసుకెళ్లి దాని మీదే వెల్డింగ్ చేయించకండి, సీటు కిందే పెట్రోల్ ట్యాంకు ఉంది. నేను బల్లపరుపు ఇనుప పట్టీలతో నిచ్చెనలాగా చేయమన్నాను. ఆయన నా అట్ట చూసి, "పట్టీ పెడితె ఊగుతది అక్కా, యాంగిల్ పెట్టిస్త, నాలుగేండ్లైనా వంగది" అన్నాడు. నిజమే. అదే మందం ఇనుము బల్లపరుపుగా ఉంటే చేత్తో వంగుతుంది, ఎల్ ఆకారంలో మడిస్తే వంగదు. 20 మిల్లీమీటర్ల యాంగిల్, 3 మిల్లీమీటర్ల మందం. కూలితో కలిపి 350 రూపాయలు తీసుకున్నాడు.

రాడ్‌కి ఉన్న పాత బోల్టు ఒకటి ఊడదీసి హార్డ్‌వేర్ షాపుకి తీసుకెళ్లి, అదే మరలో 5 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నవి అడగండి. ఆ 5 యాంగిల్ మందానికీ వాషరుకీ సరిపోతాయి. తక్కువైతే పట్టు చాలదు, మరీ పొడవైతే లోపల దేనికో తగులుతుంది. తల మీద 8.8 అని అచ్చు ఉన్న గట్టి బోల్టులే తీసుకోండి, స్ప్రింగ్ వాషర్లు మర్చిపోకండి. ఫ్రేము మీద 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క బిగించాలి. దీనికి నైలాక్ నట్లు, లోపల నైలాన్ వలయం ఉంటుంది కాబట్టి కుదుపులకి వదులు కావు. ప్లైవుడ్ మీద బకెట్ అడుగు చుట్టూ మూడు చెక్క దిమ్మలు కొడితే అది పక్కకి జారదు. అంచుల దగ్గర చీలికలు చేసి రెండు నవారు పట్టీల్ని మూత మీదుగా క్రాసుగా లాగి క్లిప్పు వేస్తే పైకి లేవదు. చెక్క అంచులకి రెండు పూతలు పెయింటు వేయండి, వానకి ప్లైవుడ్ ఉబ్బేది అంచుల నుంచే. ఫ్రేముకీ సీటుకీ మధ్య రెండు వేళ్ల సందు ఉంచాలి, లేదంటే సీటు లేవదు, మళ్లీ మొదటి కథే.

ఆ రాడ్ మనుషులు పట్టుకోవడానికి పెట్టింది, మూటలు మోయడానికి కాదు. అందుకే బకెట్‌లో 4 కిలోలు దాటనివ్వను. స్ప్రింగ్ త్రాసుకి వేలాడదీసి చూస్తాను. పాప నన్ను కిరాణా కొట్టు అని వెక్కిరిస్తుంది.

కాళ్ల దగ్గరికి ప్రత్యేకంగా ఏదీ కట్టలేదు. ముందు అట్టపెట్టెతో నమూనా చేసి గల్లీలో తిప్పి చూడండి. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిరగాలి, పాదాలు రెండూ పూర్తిగా ఆనాలి, ఆగినప్పుడు కాలు టక్కున నేలకి రావాలి. నాకు సరిపడింది 10 ఇంచీల ఎత్తు. ఆ కొలతకి ఒక ప్లాస్టిక్ డబ్బా, అందులో 5 లీటర్ల నీళ్ల క్యాను, కుక్కరు, బియ్యం. అడుగున పాత సైకిల్ ట్యూబు ముక్కలు అతికిస్తే జారదు. డబ్బా మీదుగా, బండికి ఉండే కొక్కేనికి ఒక పట్టీ.

సీటు కింద డిక్కీలో తినేవి పెట్టకండి. కింద ఇంజను వేడి. మా పెరుగన్నం వికారాబాద్ చేరేసరికి పులిసి పొంగింది. చిన్న గ్యాస్ క్యానిస్టర్ అయితే అక్కడ అసలు వద్దు, అది పక్క సంచిలో, ఎడమ వైపు. డిక్కీలో రెయిన్‌కోట్లు, పానాలు, పంక్చరు కిట్టు చాలు. బాటిల్లో పెట్రోల్ తీసుకెళ్లే అలవాటుంటే మానుకోండి, దారి పొడుగునా బంకులున్నాయి.

టూవీలర్ వెనక పెట్టుకునే పెట్టెల గురించి కేంద్రం 2020లో నిబంధన తెచ్చింది. పొడవు 550, వెడల్పు 510, ఎత్తు 500 మిల్లీమీటర్లు మించకూడదు. పెట్టె వెనక మనిషి కూర్చునే చోట ఉంటే ఆ మనిషి కూర్చోకూడదు. మన బకెట్ ఈ కొలతల్లో సులువుగా ఇముడుతుంది. వెనక లైటు, ఇండికేటర్లు, నంబరు ప్లేటు కప్పకుండా ఉన్నాయో లేదో పది అడుగుల దూరం నుంచి చూడండి.

మొత్తం సామాను 20 కిలోలు దాటనివ్వను. నేను 58, పాప 31, కలిపితే 109. ఇద్దరు పెద్దవాళ్లు ఎక్కితే బండి అంతకంటే ఎక్కువే మోస్తుంది. ఇద్దరు పెద్దవాళ్లే వెళ్తుంటే మాత్రం ఈ సామాను ఒక బండికి ఎక్కువ, నన్నడిగితే రెండో బండి తీయండి.

బయల్దేరే ముందు ఒక పరీక్ష. బకెట్ పట్టుకుని గట్టిగా ఊపండి. బండి మొత్తం ఊగాలి, బకెట్ ఒక్కటే ఊగితే పట్టీల బిగువు చాలలేదన్నమాట. వెనక టైరులో గాలి ఇద్దరు కూర్చున్నప్పుడు ఎంత ఉండాలని బండి పుస్తకంలో ఉందో అంత కొట్టించండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడే. మొదటి 10 కిలోమీటర్లకి ఆగి బోల్టులన్నీ పానాతో ఒకసారి తాకండి. మేం ఆ పని దారిలో టీ తాగుతూ చేస్తాం. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి టూవీలర్లను రానివ్వరు కాబట్టి ఎలాగూ ఊళ్లోంచే, మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ మీదుగానే. స్పీడు 50 దాటకండి. బ్రేకు రోజూ కంటే ముందుగా వేయాలి. స్పీడ్ బ్రేకర్లు వస్తుంటే నేను అరుస్తాను, పాప సంచుల మీద చేతులేస్తుంది. అవసరం లేదు, అయినా వేస్తుంది.

అడవిలో ఎక్కడపడితే అక్కడ గుడారం వేయకండి. మేం డబ్బులు కట్టే క్యాంపు స్థలానికే వెళ్తాం.

ఆదివారం రాత్రి విప్పే వరస: ముందు కాళ్ల దగ్గరి డబ్బా, తర్వాత బకెట్, ఆ తర్వాత సీటు లేపి సంచులు. చివర్న ఫ్రేము ఊడదీసి పాత బోల్టులు బిగించాలి. కొత్త బోల్టుల్ని, వాషర్లతో సహా, ఒక అగ్గిపెట్టెలో వేసి ఫ్రేముకే కట్టేయండి. నాకు పావుగంట పడుతుంది. ఫ్లెక్సీ సంచుల్ని మాత్రం వెంటనే మడతపెట్టకండి, తిరగేసి బాల్కనీలో తాడుకి వేసి రెండు రోజులు ఆరనివ్వండి, లేకపోతే కంపు పోదు. పక్కింటి పిన్నిగారు రెండు రోజులూ ఆ నాయకుడెవరని అడుగుతూనే ఉంటారు.